పని అప్పజెప్పిన సన్మానాలు

ఉత్సవ సంచికలకు ఒక స్థిరరూపం ఏర్పడిపోయింది. మొదట పెద్దల సందేశాలు. వెనకే కార్యవర్గం ఫొటో, దాని కింద కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలుచున్నవారు ఎడమ నుంచి కుడికి. చివర నగల దుకాణాలు, చిట్‌ఫండ్ కంపెనీల శుభాకాంక్షలు. వీటి మధ్య ఇరుక్కుని సంస్థ చరిత్ర అని ఒక వ్యాసం ఉంటుంది. సాధారణంగా దాన్ని చదివేవాళ్లు ఇద్దరు: ప్రూఫు దిద్దినాయన, అందులో తాతగారి పేరు పడలేదని ఫోన్ చేసే మనవడు. ఆ మనవడి మీద నాకు గౌరవం ఉంది. అతని కోసమే ఇది రాస్తున్నాను.

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న పుట్టింది. 2026తో నూట పాతికేళ్లు నిండుతున్నాయి. ఇలాంటి సందర్భాల్లో వృత్తిలో పైకి వచ్చి ఊరికి ఉపకరించిన పెద్దలను తలుచుకోవడం మర్యాద. నిలయం చుట్టూ తిరిగిన పెద్దల్లో దివాను ఉన్నాడు, వకీళ్లున్నారు, పత్రికా సంపాదకుడున్నాడు, హోటల్లో సర్వరుగా పనిచేసినవాడూ ఉన్నాడు. వీళ్లకు అప్పటి సమాజం చేసిన గౌరవం ఎలాంటిదని చూసుకుంటూ వస్తే నాకు ఒక సంగతి గట్టిగా తోచింది. ఆ రోజుల్లో ఒక మనిషి సమర్థుడని తెలిస్తే మెడలో దండ వేసి ఇంటికి పంపేవాళ్లు కాదు. ఇంకో పని తెచ్చి నెత్తిన పెట్టేవాళ్లు. కార్యదర్శిని చేసేవాళ్లు. చందా పుస్తకం చేతికిచ్చేవాళ్లు. చనిపోతే అతని అసంపూర్తి పనిని మరొకరు ఎత్తుకునేవాళ్లు.

1901 నాటి హైదరాబాదును ఒకసారి ఊహించుకోవాలి. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువమంది. రాజధానిలో మాత్రం దర్బారుదీ, కచేరీదీ, పెద్దమనిషి తరహాదీ ఉర్దూ. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. నలుగురూ కూచుని తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక చోటు లేదు. ఆ చోటును ఇచ్చినది రావిచెట్టు రంగారావు గారి ఇల్లు. ఆనాటి రెసిడెన్సీ బజారులో, అంటే తరవాతి కాలపు సుల్తాన్ బజారు ప్రాంతంలో, ఆయన ఇంట్లోనే నిలయం మొదలైంది. పక్కన నిలబడినవారు మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు.

మునగాల పరిస్థితి విచిత్రమైనది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిషువారి కృష్ణా జిల్లాకు చెందిన పరగణా. ఆ సంస్థానం వ్యవహారాలు చూసే దివానుకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఎం.ఏ. చదివినవాడు, మరాఠీలో వ్యాసాలు రాసినవాడు. అంత చిన్న వయసులో దివాను గిరీ దక్కితే మామూలుగా మనిషి ఏం చేస్తాడో మనకు తెలుసు. లక్ష్మణరావు గారు సంస్థానం పనితో పాటు చరిత్ర పరిశోధన, శాసనాలు, గ్రంథాలయం పెట్టుకున్నారు. ఇందులో రాజావారి గొప్పతనం కూడా ఉంది. దివాను ప్రతిభను మెచ్చుకుని కడియం తొడిగి ఊరుకోకుండా, ఆయన తలపెట్టిన పనులకు డబ్బూ అండా ఇచ్చారు. ఉద్యోగికి యజమాని చేయగల సన్మానాల్లో ఇంతకు మించినది నాకు కనిపించదు.

అదే 1901లో లక్ష్మణరావు గారి అక్క భండారు అచ్చమాంబ అబలా సచ్చరిత్ర రత్నమాల వెలువరించారు. చరిత్రలో పేరున్న స్త్రీల జీవితాలను వెతికి పట్టుకుని రాసిన పుస్తకం అది. బడిలో చదవని మనిషి, తమ్ముడి చదువు పక్కన కూచుని తనూ చదువుకున్న మనిషి ఆవిడ. ముప్పై ఒకటో ఏటనే, 1905లో, వెళ్లిపోయారు. నిలయం చరిత్ర చెప్పేటప్పుడు ఆమె పేరు చాలామంది ఎత్తరు, గ్రంథాలయ స్థాపకుల జాబితాలో లేరు కనుక. కానీ సేవ చేసినవారి చరిత్రను రాసి భద్రపరచడం అనే పద్ధతి కొమర్రాజు వారి ఇంట్లో మొదట చేసి చూపించింది ఆమే.

రావిచెట్టు రంగారావు గారు నడివయసు రాకుండానే 1910లో కన్నుమూశారు. నిలయానికి సొంత ఇల్లు ఏర్పడడంలో ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారి విరాళానిది పెద్ద పాలు. భర్త పోయిన స్త్రీ చేతిలో ఉన్న డబ్బుకు ఆ రోజుల్లో ఎన్ని దిక్కుల నుంచి చేతులు చాచేవారో వేరే చెప్పక్కరలేదు. ఆమె దాన్ని గ్రంథాలయానికి ఇచ్చారు. భర్త పేరు నిలబెట్టాలంటే ఆయన మొదలుపెట్టిన పని నిలబెట్టాలని ఆమెకు ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పి ఉండరు.

గ్రంథాలయం పెట్టగానే ఎదురైన చిక్కు, అందులో పెట్టడానికి తగిన తెలుగు పుస్తకాలు తక్కువ. కావ్యాలున్నాయి, పురాణాలున్నాయి. దేశచరిత్ర, సైన్సు, అర్థశాస్త్రం కావాలంటే లేవు. దాంతో 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడింది, హైదరాబాదులోనే. మండలి మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. కట్టెలు కొట్టే ఇంట్లో పుట్టి వకీలై, దేశాధ్యక్షుడైనవాడి కథతో మొదలుపెట్టడం యాదృచ్ఛికం అనుకోను. తెలుగు కుర్రవాడి చేతికి ముందు ఏ జీవితం అందాలో వాళ్లు ఆలోచించే పెట్టి ఉంటారు. రెండేళ్లకు మండలి మద్రాసుకు మారింది. అక్కడ లక్ష్మణరావు గారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వం తలకెత్తుకున్నారు. తెలుగులో అంతటి పని అంతకు ముందు ఎవరూ ఊహించలేదు. 1923లో ఆయన పోయేనాటికి అది పూర్తి కాలేదు.

ఇక్కడి నుంచి కథ నాకు మరీ ఇష్టం. ఆ ఆగిన పనిని ఎత్తుకున్నవారు కాశీనాథుని నాగేశ్వరరావు. బొంబాయిలో అమృతాంజనం అమ్మి గడించిన వ్యాపారి. ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక పెట్టారు, భారతి పెట్టారు. లక్ష్మణరావు గారి మీద సంస్మరణ సభ జరిపి రెండు కన్నీటి చుక్కలు రాల్చి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన విజ్ఞానసర్వస్వం పనికి పూనుకున్నారు. 1938లో నాగేశ్వరరావు గారు పోయారు. జనం ఆయనకు ఇచ్చిన బిరుదు దేశోద్ధారక. అదే ఏడాది సికింద్రాబాదులో ఒక యువకుడు దేశోద్ధారక గ్రంథమాల అని పెట్టి పుస్తకాలు ప్రచురించడం మొదలుపెట్టాడు. అతని పేరు వట్టికోట ఆళ్వారుస్వామి.

ఆళ్వారుస్వామిది నల్లగొండ జిల్లా పల్లెటూరి పేద కుటుంబం. వంటలు చేశాడు, హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. చదువు పుస్తకాల్లోనే నేర్చుకున్నాడు. వృత్తిలో సాధించిన ఘనత అనే మాట వాడితే అతని దగ్గర చూపించడానికి సర్టిఫికెట్టు ఏదీ ఉండదు. తను ప్రచురించిన పుస్తకాలను తానే మోసుకుని అమ్మాడు. జైలుకు వెళ్లాడు. ప్రజల మనిషి నవల రాశాడు. నిజామాబాదు జైల్లో అతనితో ఉన్న దాశరథి తన అగ్నిధారను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. కృతి అందుకోవడమంటే తెలుగు దేశంలో వందల ఏళ్లు రాజులకూ, దండనాయకులకూ, ధనవంతులకూ దక్కిన గౌరవం. దాన్ని హోటల్లో ప్లేట్లు అందించిన మనిషికి ఒక యువకవి ఇవ్వడం మన సన్మానాల చరిత్రలో పెద్ద మలుపు. ఆ అంకితం కోసం సభ జరిగిందో లేదో ఎవరికీ పట్టదు. పుస్తకం తెరిచిన ప్రతివాడూ ఆ పేరు చూస్తాడు.

నిలయం కథలోకి మళ్లీ వద్దాం. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటరులో సంఘసంస్కార సభ. అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన మహర్షి కర్వే. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు, మాట సాగనివ్వలేదు. ఆ రాత్రే, నవంబరు 12న, కొద్దిమంది టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్రజనసంఘం స్థాపించారు. ఈ ఘట్టం తెలంగాణ చరిత్ర చదివిన ప్రతివారికీ తెలిసినదే. తెలిసినవారు కూడా అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. ఆ రాత్రికి రాత్రి సంఘం పెట్టగలగడానికి కారణం, అప్పటికే ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఒక గ్రంథాలయం నడుస్తూ ఉండడం. కార్యవర్గం అంటే ఏమిటో, చందా ఎలా వసూలు చేయాలో, తీర్మానం ఎలా రాయాలో ఇక్కడివాళ్లకు చేయి తిరిగి ఉంది. కోపం అందరికీ వస్తుంది. దాన్ని మర్నాటి పొద్దుటికి మినిట్సు పుస్తకంగా మార్చగలవాళ్లు కొద్దిమందే.

ఆ సంఘానికి కార్యదర్శి మాడపాటి హనుమంతరావు. చిన్న ప్రభుత్వోద్యోగిగా, అనువాదకుడిగా మొదలై వకీలు పరీక్ష ప్యాసయి ప్రాక్టీసు పెట్టినవారు. ఉర్దూ, ఫారసీ బాగా వచ్చినవారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చినవారు. గొంతు పెంచి మాట్లాడే నాయకుడు కాదు. గొంతు పెంచితే సభే రద్దయ్యే రోజులవి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. అందుకే గ్రంథాలయ సభలకూ, సాహిత్య సభలకూ, పెద్దల సత్కారాలకూ అప్పుడు ఇప్పటికన్నా చాలా ఎక్కువ బరువు ఉండేదని నేననుకుంటాను. పద్యాలు చదివే సభలో నలుగురు కలుసుకుంటారు. ఒకరి ఊరి సంగతి ఒకరికి తెలుస్తుంది. పల్లెలో వెట్టి ఎలా ఉందో, బడి ఎందుకు మూసేశారో ఆ చివరి బెంచీ మీద తేలుతుంది.

1928లో మాడపాటి వారు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో పాఠశాల పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పట్లో ఉర్దూ మాధ్యమానిది. తెలుగులో చదివిన పిల్లలకు అక్కడ గుర్తింపు వచ్చేది కాదు. అప్పుడు ఆ బడికి గుర్తింపు దొరికింది పూనాలో కర్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయం నుంచి. ఏడేళ్ల క్రితం తెలుగు మాటను ఎగతాళి చేసిన సభకు అధ్యక్షత వహించిన కర్వేనే! అవమానం జరిగిన సభను తలుచుకుంటూ కూర్చోకుండా ఆ సభాధ్యక్షుడి దగ్గరికే వెళ్లి ఆడపిల్లల చదువుకు దారి అడగడం మాడపాటి గారి పద్ధతి. ఆయన తరవాత హైదరాబాదు మేయరయ్యారు, ప్రభుత్వం 1955లో పద్మభూషణ్ ఇచ్చింది, శాసనమండలి అధ్యక్షులయ్యారు. జనానికి ఆయన ఆంధ్రపితామహుడు. నన్నడిగితే నారాయణగూడ బడి గేటు మీద ఉన్న పేరు వీటన్నిటికన్నా పెద్దది.

ఉత్సవ సంచిక ఎలా ఉండాలో తేల్చి చెప్పిన పుస్తకం కూడా ఈ ఊళ్లోనే వచ్చింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్నట్టుగా ఒకాయన రాస్తే, వకీలూ గోలకొండ పత్రిక సంపాదకుడూ అయిన సురవరం ప్రతాపరెడ్డి వాదానికి దిగలేదు. కవితలు పంపమని ఊరూరికీ కబురు చేశారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది, 354 మంది కవులతో. అందులో గొప్ప కవిత్వం ఎంత అని అడగవచ్చు. అడిగినవాళ్లున్నారు. అది తప్పు ప్రశ్న కాదు గాని, ఆ పుస్తకం పని వేరు. ఏ పల్లెలోనో పద్యం రాసుకుని పెట్టెలో దాచుకున్న కరణం, బడిపంతులు, వైద్యుడు అచ్చులో తన పేరు, తన ఊరి పేరు చూసుకున్నాడు. ఆ 354 పేర్లలో సందేశాలు పంపిన మంత్రులెవరూ లేరు. ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగులో మొదటిది. అందుకోవడానికి ఆయన లేరు.

ప్రతాపరెడ్డి గారిని హైదరాబాదులో నిలబెట్టిన రెడ్డి హాస్టలు కథ వేరే చెప్పాలి. 1918లో దాన్ని స్థాపించినవారు రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి, వృత్తి రీత్యా పోలీసు అధికారి, తరవాత నగర కొత్వాల్. నిజాం ప్రభువు కొలువులో ఉంటూ, ఆ ప్రభువిచ్చిన బిరుదును పేరు ముందు పెట్టుకుంటూనే, పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు తిండీ చదువూ గ్రంథాలయమూ ఏర్పాటు చేశారు. ఆ పిల్లల్లో కొందరు తరవాత అదే సర్కారుతో పోరాడారు. కొత్వాల్ గారికి ఇది తెలియకుండా ఉంటుందా? తెలిసి ఊరుకున్నారనే నా అనుమానం.

ఇంతవరకు చెప్పిన పేర్లలో చాలామటుకు వకీళ్లు, దొరలు, కులీనులు. ఇది దాచిపెట్టి ఉత్సవ సంచిక రాయకూడదు. సుల్తాన్ బజారుకు కూతవేటు దూరంలో ఉన్న ఈసామియా బజారులో అదే కాలంలో భాగ్యరెడ్డివర్మ పనిచేశారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు, హరికథలు చెప్పించారు, అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకు బడులు నడిపారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, పంచములనే పేరు మాకొద్దు, మేము ఈ నేల మూలవాసులం అని నిలబడి చెప్పారు. వర్మ అన్నది ఆర్యసమాజం 1913లో ఆయనకిచ్చిన బిరుదు. తెలుగు ఉద్యమ చరిత్ర రాసినవాళ్లు ఈ రెండు బజార్ల మధ్య ఉన్న దూరాన్ని ఎప్పుడూ కొలవలేదు. నగరంలోని ఏ గ్రంథాలయం నూట పాతికేళ్ల పండగ చేసుకున్నా, గోడ మీద ఆయన పటం లేకపోతే ఆ వరస అసంపూర్తి.

ఇక ఇప్పటి సన్మానాల సంగతి. వాటి మీద వ్యంగ్యం రాయడం తేలిక. మే నెల ఉక్కలో మూడు శాలువాలు కప్పించుకుని చెమటలు కక్కే డాక్టరుగారిని, ఒకే జ్ఞాపికను పట్టుకుని ఫొటోలో నిలబడే పదకొండు మంది చేతులను, తన సన్మానం ఖర్చు తానే పెట్టుకునే ప్రముఖుణ్ని మనమందరం చూశాం. నాకు అవి అంత కోపం తెప్పించవు. ఊళ్లో ముప్పై ఏళ్లు నాడి చూసిన వైద్యుడికీ, రిటైరయ్యాక కూడా పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారికీ ఒక సాయంత్రం చప్పట్లు కొట్టడం మంచిదే. ఇబ్బంది మర్నాడు మొదలవుతుంది. శాలువా బీరువాలోకి వెళుతుంది, ఆయన అనుభవం ఆయన దగ్గరే ఉండిపోతుంది. సన్మానించిన సంఘం ఆయన్ని మళ్లీ పిలవదు. నలభై ఏళ్లు కోర్టుల్లో తిరిగిన వకీలును సత్కరించినవాళ్లు, నెలకో ఆదివారం గ్రంథాలయంలో కూచుని పేదవాళ్ల భూమి కాగితాలు చూసిపెట్టమని ఎందుకు అడగరు? అడిగితే కాదనే వకీలు తక్కువ. అడగకపోవడమే అసలు అమర్యాద.

పెద్దల వరసలో చోటు దొరకనివాళ్లు మరికొందరున్నారు. పొద్దున్నే తలుపు తీసి దినపత్రికలు బల్ల మీద పరిచే అటెండరు, వీపు ఊడిన పుస్తకానికి గుడ్డ అంటించి కుట్టే బైండరు, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో కేటలాగు చూడకుండా చెప్పే గుమాస్తా. ఏ గ్రంథాలయమైనా వందేళ్లు దాటి బతికిందంటే స్థాపకుల కీర్తి ఒక కారణం, వీళ్ల చేతులు ఇంకో కారణం. ఇంకో దాత కూడా ఉన్నాడు, తనకే తెలియకుండా. మన ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. రావిచెట్టు లక్ష్మీనరసమ్మ గారు తెలిసి ఇచ్చారు, మనం రసీదు చదవకుండా ఇస్తున్నాం. కనీసం ఆ డబ్బు మన పేటలోని శాఖా గ్రంథాలయానికి చేరుతోందా, అక్కడ ఫ్యాను తిరుగుతోందా అని ఒకసారి వెళ్లి చూస్తే బాగుంటుంది.

సంచిక తిరగేస్తూ ఇక్కడిదాకా వచ్చినవారికి ఒక మనవి. మీ తాతగారో అమ్మమ్మగారో ఏ గ్రంథాలయంలోనైనా, సంఘంలోనైనా, హాస్టలులోనైనా పనిచేసి ఉంటే, ఆ కాలపు ఉత్తరాలు, చందా రసీదులు, సభల కరపత్రాలు, వెనక పేర్లు రాసి ఉన్న ఫొటోలు మీ ఇంట్లో ఉండవచ్చు. ఇల్లు మారేటప్పుడు పాత కాగితాల వాడికి వేయకండి. వాటిని దగ్గరలోని పాత గ్రంథాలయానికి ఇవ్వండి, ఇవ్వడం ఇష్టం లేకపోతే స్కాన్ చేసి ఇవ్వండి. ఫొటోలో ఉన్నవాళ్లను గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ వారంలోనే పక్కన కూచుని పేర్లు రాసిపెట్టుకోండి. అటెండరు పేరు కూడా అడగడం మరిచిపోకండి.